పదిహేడు పాయలు

మొదట జెల్లు.
రెండు పౌండ్ల నీలం డబ్బా,
రాయిలా నిలబెడుతుందని మూత మీద రాసుంది.
తొమ్మిదంగుళాల జుట్టు మరి,
తడిసిన కోడిపిల్లలా
నిమిషంలో చెవుల మీదికి వాలిపోయింది.

తర్వాత జోడీ వాళ్ల నాన్న చెప్పిన చిట్కా,
గుడ్డు తెల్లసొన.
కుర్రతనంలో ఆయన నెత్తి మీద
జానెడు కోడిజుట్టు ఉండేదట.
ఇప్పుడక్కడ దువ్వెనకు పనిలేదు.
నాలుగు గుడ్లు పోయాయి.
డ్రయ్యరు వేడికి ఇల్లంతా ఆమ్లెట్ వాసన.
హైమ అద్దంలో చూసుకుని
"టిఫినులా ఉన్నానమ్మా" అంది,
నవ్విందో ఏడ్చిందో తెలీకుండా.

ఆరింటికి చర్చి హాల్లో వాళ్ల బ్యాండు మొదటి కచేరీ.
డ్రమ్ములు ఇదే.
గడియారంలో మూడున్నర.

పదకొండేళ్లుగా కేర్ హోమ్ లాండ్రీలో
దుప్పట్లు మడతపెడుతున్నాను,
ఏది నిలుస్తుందో ఏది జారుతుందో
నా వేళ్లకు తెలుసు.
"కూర్చో" అన్నాను.
కుక్కర్ పక్కనపెట్టి గిన్నెలో ఎసరు పెట్టాను.
రెండు గుప్పెళ్ల బియ్యం,
మెతుకు పగిలేదాకా ఉడికించి
టీ వడపోతలో వార్చి, మళ్లీ చిక్కగా మరిగించి,
చల్లారాక చూపుడువేలు ముంచాను.
నూలుచీరకైతే నీళ్లు కలపాలి.
దీనికి అక్కర్లేదు.

జడకైతే మూడు పాయలు.
దీనికి పదిహేడు,
ఏదీ పక్కదాన్ని తాకకూడదు.
కుదురు నుంచి కొసదాకా గంజి రాసి
అరచేతుల మధ్య
దీపం వత్తి చేసినట్టు నలిపి,
"ఇంక తల వేలాడదియ్" అన్నాను.
సోఫా మీద బోర్లా పడుకుని
కార్పెట్టుకేసి చూస్తూ
అది ఇరవై నిమిషాలు మాట్లాడింది.

ముఖం కనపడకపోతే మాటలొస్తాయి కాబోలు.
సైన్స్ టీచరు తన పూర్తిపేరు పలకలేక
వేలు చూపిస్తాడని,
జోడీ తప్ప అన్నం డబ్బా పక్కన
ఎవరూ కూర్చోరని,
నిరుడు జడ కత్తిరించుకుని వస్తే
నేను వారం పలకలేదని,
వారం కాదు, ఎనిమిది రోజులని.
డ్రయ్యరు చప్పుడులో
సరిగా వినపడనట్టు ఊఁ, ఊఁ అన్నాను.
అన్నీ విన్నాను.

జుట్టున్నమ్మ ఏ కొప్పైనా పెడుతుందనేది మా పెద్దమ్మ.
కొప్పు అంది.
ముళ్ల మాట ఎత్తలేదు.

లేచి నిలబడింది.
పదిహేడూ నిలబడ్డాయి.
ఎడమచెవి వెనకది మాత్రం కాస్త వంకర,
అక్కడ నేను చిక్కు సరిగా తీయలేదు.
గోటితో తట్టి చూశాను, టక్కుమంది.
ఏదుపందిని బొమ్మలో తప్ప చూడలేదెప్పుడూ.
ముద్దు పెట్టుకుందామంటే
ఎటునుంచి వెళ్లాలో తెలీలేదు.

కారెక్కబోతే పైకప్పు అడ్డం.
సీటు వాల్చాం, చాల్లేదు.
నవంబరు వుల్వర్‌హాంప్టన్, తుంపర,
గంజికి నీళ్లంటే ప్రాణగండం.
నడిచాం.
గొడుగు పుల్లలు తగలకుండా
చెయ్యి బారగా పైకెత్తి దానికి పట్టాను,
నా కుడి భుజం తడిసి ముద్దయింది.
బస్టాపులో ఒక ముసలావిడ
కూరగాయల ట్రాలీ పక్కకు జరిపి
చోటిచ్చింది,
ముందు తలకి, తర్వాత మాకు.

హాలు గుమ్మంలో టికెట్ తీసుకున్నాను.
పెద్దలకి మూడు పౌండ్లు.
నా వేళ్ల మీద గంజి ఎండి
చిల్లర అంటుకుని రాలేదు.

దీపాలు తగ్గించారు.
తొలి దెబ్బకి
నా ముంజేతి మీది వెంట్రుకలు
ఏ గంజీ లేకుండా లేచాయి.

మూడో పాటలో
ఆ వంకరది మెల్లగా
మెడ మీదికి వాలిపోయింది.
అది గమనించలేదు.
ఇంటికొచ్చేదాకా నేను చెప్పలేదు.